గండి ఎక్కడ కొట్టాలి: విజయవాడలో ఒక రోల్‌ప్లేయింగ్ ఆటపై సమీక్ష

విజయవాడ మొగల్రాజపురంలో, కొండకు దగ్గరగా ఉన్న ఒక ఇంటి మేడగదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల నుంచి రాత్రి ఏడు గంటల దాకా ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడిస్తున్నారు. గుంటూరు నుంచి వరుసగా మూడు ఆదివారాలు వెళ్లి, మొదలుపెట్టిన కథను చివరి దాకా ఆడి వచ్చాక ఈ సమీక్ష రాస్తున్నాను. మనిషికి వారానికి 450 రూపాయలు తీసుకుంటారు. అందులో రెండుసార్లు టీ, ఒకసారి వేడివేడి పునుగులు ఉంటాయి. బల్ల చుట్టూ ఐదుగురు ఆటగాళ్లకు మించి కూర్చోనివ్వరు. వీధిలో బోర్డు లేదు, ప్రచారం లేదు. ఆడినవారు చెబితే కొత్తవారికి తెలియడమే. నిర్వాహకుడు అలాగే కొనసాగాలని కోరుకుంటున్నాడు కనుక నేను కూడా పేరు రాయడం లేదు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి వెలువరించిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. వారిని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో తామే చెబుతారు. ఫలితం తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. హరికథ చెబుతున్న దాసుగారు మధ్యలో చిడతలు ఆపి, ముందు వరుసలో కూర్చున్న మనిషిని చూసి ‘ఇప్పుడు హనుమంతుడివి నువ్వే, ఏం చేస్తావో చెప్పు’ అని అడిగితే ఎలా ఉంటుందో ఈ ఆట అలా ఉంటుంది.

ఈ బల్ల గురించి నాకు చెప్పిన మిత్రుడు కథను ఒక్క ముక్కలో చెప్పాడు: ఊరు బతకాలంటే ఒక పిల్లను బలి ఇవ్వాలి. ఆ మాట వినగానే వెళ్లాలనే కోరిక, వెళ్లి ఏం లాభమనే అనుమానం రెండూ ఒకేసారి కలిగాయి. నలుగురి కోసం ఒక నిరపరాధిని వదులుకోవచ్చా అనే ప్రశ్న రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఎంత తరచుగా వస్తుందో, అంత తరచుగా తేలిపోతుంది కూడా. కంప్యూటర్ మీద పదిహేనేళ్లుగా ఈ తరహా ఆటలు ఆడుతున్నవాడిగా ఆ నిరాశకు కారణాలు నాకు కొంత తెలుసు. వాటిని ముందు చెబితే తప్ప ఈ మేడగదిలో జరిగినది ఎందుకు విలువైనదో చెప్పలేను.

2009లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’లో రెడ్‌క్లిఫ్ కోట ఘట్టం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రభువు కొడుకు, పసివాడు, పిశాచం ఆవహించి ఊరినంతా పీడిస్తుంటాడు. పిల్లవాణ్ణి చంపాలి; లేదా తానే బలి అవుతానని ముందుకు వచ్చిన తల్లి నెత్తురుతో క్షుద్రవిద్య జరిపించాలి. నేను మొదటిసారి ఆడినప్పుడు అక్కడ ఆట ఆపి, లేచి, వరండాలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత తెలిసింది, మంత్రవేత్తల గోపురానికి వెళ్లి సహాయం తెచ్చుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కుతారని, మనం అలా వెళ్లి వచ్చేలోపు ఊళ్లో ఎవరికీ ఏ కీడూ జరగదని. ఆలస్యానికి మూల్యం లేని చోట ధర్మసంకటం ఎక్కడిది? నేను వరండాలో తిరిగిన ఆ పది నిమిషాలను ఆటే తీసుకుపోయినట్టు అనిపించింది.

2010 నాటి ‘ఫేబుల్ 3’లో అదే ప్రశ్న లెక్కగా మారింది. సింహాసనం ఎక్కిన తర్వాత, రాబోయే విపత్తు నుంచి 65 లక్షల మంది ప్రజలను కాపాడడానికి 65 లక్షల బంగారు నాణేలు ఖజానాలో ఉండాలి. ఇచ్చిన మాటలు నిలబెట్టుకుంటే ఖజానా ఖాళీ అవుతుంది, మాట తప్పితే నిండుతుంది. రాజధర్మం గురించి ఇంత సూటిగా అడిగిన ఆటలు తక్కువ. అయితే ఆటలోని ఇళ్లూ దుకాణాలూ కొని అద్దెలు వసూలు చేసుకుంటూ కొంతకాలం ఓపిక పడితే ఆ సొమ్ము సొంత జేబులోంచే కట్టేయవచ్చు. ‘మాస్ ఎఫెక్ట్ 2’కు 2011లో వచ్చిన ‘అరైవల్’ అనుబంధం దీనికి పూర్తిగా విరుద్ధం. శత్రువుల రాకను ఆలస్యం చేయడానికి ఒక నక్షత్ర మండలాన్నే నాశనం చేయాలి, అందులో మూడు లక్షల మందికి పైగా ప్రాణాలు పోతాయి, వారిని హెచ్చరించబోయినా హెచ్చరిక చేరదు. మొదటి రెండు ఆటలు తప్పించుకునే తలుపును బార్లా తెరిచి పెట్టాయి; మూడవది తలుపే లేకుండా గోడ కట్టింది. రెండు చోట్లా ఆడేవాడి నిర్ణయానికి విలువ మిగలలేదు.

కంప్యూటర్ ఆటల్లో నన్ను నిజంగా కలవరపెట్టినది 2015లో వచ్చిన ‘ది విచర్ 3’ లోని ఒక ఘట్టమే. చెట్టు వేళ్ల కింద బందీగా ఉన్న ఒక ఆత్మను విడిపిస్తే బురదనేలలోని అనాథ పిల్లలు బతుకుతారు, కానీ ఒక ఊరు నాశనమవుతుంది. చంపేస్తే ఊరు నిలుస్తుంది, పిల్లలు దక్కరు. ఆ ఆత్మ మాట నమ్మాలో వద్దో తెలియని స్థితిలోనే తేల్చుకోవాలి. అక్కడ నిర్ణయం నాదే అయింది. అయినా ఒక వెలితి మిగిలింది. పోయిన ఊరివాళ్లు నన్ను ఏమీ అడగలేదు. అడగడానికి వారికి నోరు రాసిపెట్టలేదు.

బల్ల మీద ఆడే ఆటల్లో ఇంకో రకం ప్రమాదం ఉంటుంది. కొన్నేళ్ల కిందట వేరే చోట ఆడినప్పుడు మా దండు ఒక గుహలోని ఓర్క్‌లు అనే రాక్షసజాతి వారిని ఓడించిన తర్వాత, లోపల వారి పసిపిల్లలు ఏడుస్తూ కనిపించారు. ‘పెద్దయితే ఊళ్ల మీద పడతారు, ఏం చేస్తారు?’ అని ఆట నడిపేవారు అడిగారు. ఈ ఆటలో ఇది చాలా పాత చిక్కు. తొలి తరం నియమాల్లో పాలడిన్ అనే ధర్మవీరుడు తెలిసి తెలిసి ఒక్క చెడ్డ పని చేసినా తన దివ్యశక్తులను శాశ్వతంగా కోల్పోయేవాడు. అందువల్ల అతణ్ణి ఇరుకున పెట్టడమే వినోదంగా కొందరు ఆడించేవారు. ఆ రోజు కూడా అదే జరిగింది. ఏది చేసినా తప్పే అన్నారు, పాలడిన్ ఆడుతున్న కుర్రవాడు చిన్నబుచ్చుకుని ఇంటికి వెళ్లాడు, ఆ పసిపిల్లల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మొగల్రాజపురం బల్ల దగ్గర మొదటి ఆదివారం సగం పూట ఆట మొదలే కాలేదు. డంజన్ మాస్టర్ ఇరవై ఐదేళ్ల యువకుడు. తెలుగు స్పష్టంగా, ఇంపుగా మాట్లాడతాడు. కథలో పిల్లలకు ప్రాణగండం ఉంటుందని, వరద ఉంటుందని ముందే చెప్పి, ఎవరికి ఏది కష్టంగా ఉంటుందో ఒక్కొక్కరినీ అడిగాడు. బల్ల మధ్యలో ఇంటూ గుర్తు గీసిన కార్డు ఒకటి పెట్టాడు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆటల రూపకర్త తెచ్చిన పద్ధతి ఇది: ఎవరైనా ఆ కార్డును తాకితే, కారణం అడగకుండా ఆ దృశ్యాన్ని అక్కడితో వదిలేయాలి.

మాలో ఒక యువతి సింగ్ నగర్ నుంచి వస్తుంది. 2024 సెప్టెంబరు 1న, అది కూడా ఆదివారమే, బుడమేరు నీళ్లు ఆ కాలనీలను ముంచెత్తినప్పుడు ఆమె కుటుంబం మేడ ఎక్కి రోజుల తరబడి అక్కడే ఉండిపోయింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారింది. ఆమె నెమ్మదిగా, ‘నీళ్ల కథ అయితే ఫర్వాలేదండీ, కానీ ఇంట్లోకి నీళ్లు రావడం మాత్రం వర్ణించొద్దు’ అంది. అతను, ‘అలాగేనండీ, ఆ చోటు వస్తే కథ ఆపి మర్నాటి పొద్దుకు వెళ్లిపోతాను’ అన్నాడు, ఒక చీటీ మీద రాసుకున్నాడు. మూడవ వారం ఆ చోటు వచ్చినప్పుడు ఆ మాట తప్పలేదు. ఈ ఒక్క జాగ్రత్తకే నేను ఆ 450 రూపాయలు సంతోషంగా ఇస్తాను.

కథ ఇది. పెద్ద చెరువు కట్ట కింద మూడువేల మంది ఉన్న ఊరు. పన్నెండేళ్లకొకసారి చీటీలు వేసి ఒక పిల్లను కట్టకు ఇస్తే తప్ప కట్ట నిలవదని ఊరి నమ్మకం. ఈసారి వానలు ముదిరాయి, కట్ట ఒకచోట చెమ్మ దిగుతోంది, తెల్లవారితే బలి. మేము ఐదుగురం బాటసారులుగా ఆ రాత్రి ఊరు చేరతాం. పాలడిన్ పాత్రను ఒక బ్యాంకు ఉద్యోగి, మాంత్రికుడి పాత్రను ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, దొంగ పాత్రను ఒక ఇంజినీరింగ్ విద్యార్థి తీసుకున్నారు. సింగ్ నగర్ యువతిది విలుకత్తె పాత్ర. నాది వైద్యుడు. మన ప్రాంతపు చెరువు కట్టల కథలు విని అల్లుకున్నానని డంజన్ మాస్టర్ టీ తాగుతూ చెప్పాడు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఊరి కోసం తానే వెళ్లి ప్రాణమిచ్చిన కోడలిగా జనం చెప్పుకునే ముసలమ్మ కథ అతనికి చిన్నప్పటి నుంచి తెలుసట.

మొదట్లో బల్ల దగ్గర వాదన నాకు బాగా తెలిసిన దారిలోనే నడిచింది. పాలడిన్, ‘పిల్ల మీద చెయ్యి వేసేవాడు ముందు నన్ను దాటాలి’ అన్నాడు. మాంత్రికుడు, ‘మూడువేల ప్రాణాలు ఒకవైపు, ఒక ప్రాణం ఒకవైపు, మనకు నచ్చనంత మాత్రాన లెక్క మారదు’ అన్నాడు. 1967లో ఫిలిప్పా ఫుట్ అనే తత్త్వవేత్త, అదుపు తప్పిన ట్రామును ఐదుగురి మీదికి పోనివ్వాలా, ఒక్కరి మీదికి మళ్లించాలా అని అడిగినప్పటి నుంచి ఈ వాదన ఇలాగే సాగుతోంది. అధ్యాపకుడు ఊరుకోక, కులం కోసం ఒకణ్ణి, గ్రామం కోసం కులాన్ని, దేశం కోసం గ్రామాన్ని వదులుకోవచ్చునన్న విదురుడి శ్లోకం చదివాడు. దానికి విలుకత్తె ఇచ్చిన జవాబు ఈ మూడు వారాల్లో నేను విన్న మంచి మాటల్లో ఒకటి. ‘సార్, విదురుడు ఆ మాట అన్నది అప్పుడే పుట్టిన దుర్యోధనుడిని చూపించి. ఆ రోజుకు ఆ పసిగుడ్డు ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు కదండీ.’ అధ్యాపకుడు కాసేపు ఆలోచించి, ‘నిజమేనమ్మా, ఆ సంగతి నేను మరిచిపోయాను’ అన్నాడు.

అప్పుడు డంజన్ మాస్టర్ చేసిన పని చిన్నదే. అంతవరకూ పూజారి, పెద్దలు ఆ పిల్లను ‘వంతు’ అనే పిలుస్తున్నారు. నా వైద్యుడు ఆమె నాడి చూస్తానని గుడిసెలోకి వెళ్లి పేరు అడిగాడు. డంజన్ మాస్టర్ గొంతు మార్చకుండా, పిల్లల్లా నటించకుండా, మామూలుగా ‘మల్లి’ అన్నాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఏడవలేదు, కాపాడమని వేడుకోలేదు. పాలడిన్ వైపు తిరిగి, ‘బాబాయ్, నేను పోతే మా మేకపిల్లకు రాత్రిపూట ఆకు ఎవరు వేస్తారు? అది అమ్మ చేతి నుంచి తినదు’ అని అడిగింది. అంతే. ఎవరూ వెంటనే మాట్లాడలేకపోయాం. లెక్క చెప్పిన అధ్యాపకుడే మొదట తేరుకుని, ఆ మేకపిల్ల ఏ రంగులో ఉంటుందని మల్లిని అడిగాడు.

ఇది కన్నీళ్ల కోసం వేసిన ఎత్తు కాదు. మల్లి మాట్లాడడం వల్ల మా దగ్గర ఉన్న సమాచారమే మారింది. కట్ట మీద మేకలు మేపుతుంది కనుక ఏ చోట చెమ్మ ఎప్పటి నుంచి ఉందో, పాత అలుగు ఎక్కడ పూడిపోయిందో ఆమెకు తెలుసు. పూజారికి తెలియదు, మాకూ తెలియదు. బలి ఇవ్వవలసిన మనిషిని మనిషిగా పలకరించినందువల్ల దొరికిన దారి అది. నేను ఆడిన ఏ కంప్యూటర్ ఆటలోనూ మూడవ దారి ఇలా దొరకలేదు. ఎక్కడో దూరాన పటం మీద గుర్తు పెట్టి ఉండేది.

ఆ దారికి కూడా మూల్యం ఉంది, అక్కడే ఈ కథ అన్నిటికన్నా పదునెక్కింది. పూడిపోయిన అలుగు దగ్గర కట్టకు గండి కొడితే నీళ్లు ఊరి మీదికి రావు, పక్కనున్న పల్లంలోకి పోతాయి. ఆ పల్లంలో నలభై గడపల గూడెం ఉంది. మల్లి బతుకుతుంది, మూడువేల మందీ బతుకుతారు. ఏమీ తెలియకుండా నిద్రపోతున్న నలభై ఇళ్ల మీదికి మనమే నీళ్లు పంపుతాం. కృష్ణా డెల్టాలో పుట్టినవారికి ఇది ఊహాజనితమైన చిక్కు కాదు. వాన పెరిగిన ప్రతి ఏడూ గండి ఎక్కడ పడుతుంది, ఎటువైపు పడితే ఎవరికి మేలు అనే మాట కాలువ గట్ల మీద వినిపిస్తూనే ఉంటుంది. మా దొంగ, పాలడిన్, నేను ముగ్గురం గండికి సిద్ధపడ్డాం. అప్పుడు సింగ్ నగర్ యువతి, తన పాత్ర గొంతుతో కాదు, సొంత గొంతుతోనే అడిగింది: ‘గూడెం వాళ్లకు ఎవరైనా చెప్పారా అండీ?’

ఎవరూ చెప్పలేదు. ఆ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

ఆ రాత్రి పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో గుంటూరు బస్సు ఎక్కి వారధి దాటుతున్నప్పుడు నాకు ఆదిపర్వంలోని రెండు కథలు పక్కపక్కన కనిపించాయి. లక్క ఇంటికి నిప్పు పెట్టి పాండవులు తప్పించుకున్న రాత్రి, తిండి కోసం వచ్చి అక్కడే నిద్రపోయిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు కాలిపోయారు. ఆ ఆరు శవాలను చూసి కుంతి, పాండవులు చనిపోయారని లోకం నమ్మింది, ఆ నమ్మకమే వారిని కాపాడింది. ఆ తల్లీ కొడుకుల చేత కథ ఒక్క మాటైనా పలికించలేదు. కొన్ని పుటల తర్వాత ఏకచక్రపురంలో బకాసురుడి వంతు వచ్చిన ఇంట్లో మాత్రం అందరూ మాట్లాడతారు. భర్త నేను వెళతానంటాడు, భార్య నేనంటుంది, కూతురు నేనంటుంది, మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక పట్టుకుని దీనితో రాక్షసుణ్ణి చంపుతానంటాడు. ఆ మాటలన్నీ గోడ అవతల కుంతి వింటుంది, విన్నది కనుకనే భీముణ్ణి పంపుతుంది. రెండు చోట్లా ఉన్నది కుంతే. ఒకచోట ఆమెకు ఎదుటివారి గొంతు వినపడలేదు, రెండవచోట వినపడింది. ఎందరి కోసం ఎందరు అనే లెక్క కన్నా ముందుగా చూడవలసినది, పోయేవారితో ఎవరైనా మాట్లాడారా లేదా అన్నదే అని నాకు అనిపిస్తోంది. ఆటలు నిరాశపరిచేది అక్కడే. ఈ బల్ల నన్ను నిరాశపరచనిదీ అక్కడే.

అయినా లోపాలు లేవని చెప్పను. రెండవ ఆదివారం మేము ఊరినే ఖాళీ చేయించి కొండ మీదికి తరలిద్దామని అడిగినప్పుడు డంజన్ మాస్టర్ పాచిక కూడా వేయనివ్వకుండా ‘సమయం లేదు’ అని కొట్టిపారేశాడు. అది తలుపు లేని గోడ కట్టడమే. టీ విరామంలో ఆ మాట నేను సూటిగా చెప్పాను. ‘నా పొరపాటేనండీ, ఆ దారి నేను ముందుగా ఆలోచించి పెట్టుకోలేదు, అందుకే మూసేశాను’ అని ఒప్పుకుని, మరుసటి వారం ముసలివారిని, బాలింతలను మాత్రం తరలించే అవకాశం కల్పించాడు. పూజారి పాత్ర కూడా మొదట్లో మరీ దుర్మార్గంగా ఉంది. బలి కోరేవాడు దుష్టుడైతే బలిని కాదనడం సులభమైపోతుంది. తన సొంత కూతురిని పన్నెండేళ్ల కిందట ఇచ్చుకున్నవాడని మూడవ వారంలో తెలిసింది కానీ, అది మొదటి వారంలోనే తెలిసి ఉంటే మా వాదన ఇంకా బరువుగా ఉండేది.

మిగిలినవి చిన్న విషయాలు. పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు మూడు పుటలూ ఆంగ్లంలోనే ఉన్నాయి, కొత్తవారికి వాటిని నింపడానికే గంట పైన పడుతుంది. కథ ఇంత చక్కని తెలుగులో నడుస్తున్నప్పుడు ఆ కాగితం కూడా తెలుగులో ఉండాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్ద వయసు వారికి కష్టం. వేరే జట్టులో పదమూడేళ్ల పిల్లవాడు ఆడుతున్నాడని విన్నాను. ఈ కథకు మాత్రం పదహారేళ్లు నిండాలని నిబంధన పెడితే మంచిది.

చివరి ఆదివారం మా దొంగ గుర్రం మీద గూడేనికి కబురు తీసుకుని బయలుదేరాడు. పాచిక వేయకముందే డంజన్ మాస్టర్ ఫలితాలు రెండూ విప్పి చెప్పాడు: 14 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే గూడెం అంతా గట్టు ఎక్కుతుంది, తగ్గితే చివరి వాడకు కబురు అందదు. ఇష్టం లేకపోతే ఇప్పుడైనా గండి ఆలోచన మానుకోవచ్చునని కూడా అన్నాడు. తెలిసి చేయడం అంటే ఇదే కనుక ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మేము మానుకోలేదు. పాచిక మీద 9 పడింది. అతను కథను అక్కడే ఆపి, మాట ఇచ్చినట్టుగానే, మర్నాటి పొద్దుకు తీసుకువెళ్లాడు. కట్ట నిలిచింది. మల్లి మేకపిల్లకు ఆకు వేస్తోంది. గూడెంలో ముగ్గురు రాలేదు: ఒక ముసలాయన, మంచం దిగలేని ఆయన భార్య, వాళ్లను విడిచి రాలేకపోయిన మనవడు. మేము చేసినది ఒప్పనీ డంజన్ మాస్టర్ అనలేదు, తప్పనీ అనలేదు. పుణ్యం పెరిగిందని, పాపం పెరిగిందని గీత చూపించే కొలబద్ద ఏదీ ఇక్కడ లేదు. ఆట నియమాల్లో 2014 నాటి ఐదవ కూర్పు నుంచి పాలడిన్ శక్తి అతను చేసిన ప్రమాణం మీద ఆధారపడి ఉంటుంది కనుక, బ్యాంకు ఉద్యోగిని మాత్రం ఒక ప్రశ్న అడిగాడు: ‘మీ ప్రమాణం నిలిచిందని మీరు అనుకుంటున్నారా?’ ఆయన పది నిమిషాల పాటు కాగితం వైపే చూస్తూ కూర్చుని, జవాబు వచ్చే నెల చెబుతానన్నాడు. ఆ వ్యవధి ఇవ్వడానికి డంజన్ మాస్టర్ ఒప్పుకున్నాడు.

వచ్చే నెల కథ ఆ గూడెంలోనే మొదలవుతుంది. మేము ఐదుగురం అక్కడికి నడిచి వెళ్లాలి, ఇళ్లు పోయినవారి ఎదుట నిలబడాలి. అక్కడ మొదట నోరు విప్పేది ఎవరో ముందే తేల్చుకుని రమ్మని తలా ఒక చీటీ ఇచ్చాడు. అలుగు సంగతి మల్లి నోటి నుంచి విన్నది నా వైద్యుడు, గండి కొడదామని మొదట అన్నదీ అతనే. చీటీ మీద నా పాత్ర పేరు రాసి, మడిచి, బల్ల మీద పెట్టి వచ్చాను.